గంపగుత్త

సింగపూర్, చాంగీ బిజినెస్ పార్క్. 2008 నవంబరు, ఒక సోమవారం ఉదయం, పది దాటింది. ఆఫీసు కింద ఫుడ్ కోర్టులో మూల బల్ల. హరికృష్ణ, గీతాంజలి. మొగుడూ పెళ్ళాలు. పైన ఆఫీసులో ఆయన టీమ్ లీడ్, ఆవిడ అదే టీమ్‌లో ప్రోగ్రామర్.

“అలా కాదు గీతా, మళ్ళీ మొదట్నించీ చెప్పు. నేను మన మేనేజర్ లిమ్ అనుకో. పదకొండింటికి ఆయన గదిలోకి వెళ్ళాం, కూర్చున్నాం. ‘ఏం జరిగింది?’ అన్నాడు. చెప్పు.”

“నన్ను కాస్త టీ తాగనివ్వండి.”

“తాగుతూ చెప్పు. నలభై నిమిషాలే ఉంది.”

“ఆయనకి ఇంగ్లీషులో కదా చెప్పాలి. ఈ తెలుగు రిహార్సలు దేనికి?”

“తెలుగులో తిన్నగా వస్తే ఇంగ్లీషులోనూ తిన్నగా వస్తుంది. కానివ్వు.”

“అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది.”

“ఆఁ.”

“అక్కడ ఒమాహా అనే ఊళ్ళో ఒక టీవీ వాళ్ళకి మనం వెబ్‌సైటు చేసిచ్చాం. ప్రెసిడెంటు ఎన్నికల ఫలితాలు అందులో ఎప్పటికప్పుడు పడాలి. ఆ రాష్ట్రం నలభై నాలుగేళ్ళ నించీ ఒక్క పార్టీకే వేస్తోంది. ఎవర్ని నిలబెట్టినా సరే, ఆ పార్టీ అయితే చాలు, కళ్ళు మూసుకుని వేసేస్తారు.”

“బాగుంది. ఇలాగే నెమ్మదిగా. తర్వాత?”

“ప్రెసిడెంటుని ఎన్నుకోడానికి ఆ రాష్ట్రం మొత్తానికి ఉన్నవి అయిదు ఎలక్టొరల్ ఓట్లు. ఒకటి రెండు రాష్ట్రాలు తప్ప మిగతా అన్ని చోట్లా, రాష్ట్రంలో ఎవరికి ఎక్కువ వస్తే వాడికే గంపగుత్తగా అన్ని ఓట్లూ కట్టబెడతారు. నెబ్రాస్కాలో అలా కాదు. రెండు ఓట్లు రాష్ట్రం మొత్తం మీద గెలిచినవాడికి, మిగతా మూడూ నియోజకవర్గానికొకటి. ఎవరి నియోజకవర్గం వాళ్ళదే. ఈసారి ఒమాహా ఉన్న నియోజకవర్గం మూడు వేల చిల్లర జనం ఓట్ల తేడాతో రెండో పార్టీకి తిరిగింది. నాలుగు ఇటు, ఒకటి అటు. ఊరు ఊరంతా అదే మాట. ఆ ఊరి టీవీ సైటులో మాత్రం అయిదుకి అయిదూ ఇటే. మూడు రోజులపాటు.”

“ఎందుకని?”

“ఎందుకనంటే మార్చిలో మీరు...”

“అదిగో. అక్కడే వద్దంటున్నాను.”

“మరేం చెప్పను?”

“‘నేను పొరబడ్డాను’ అను. ‘మిగతా రాష్ట్రాల రూలే దీనికీ పెట్టేశాను’ అను. రెండు ముక్కలు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.”

“నేను పెట్టలేదు కదండీ. నేను ముందు మన పార్లమెంటు లెక్కలో రాశాను, ఏ సీటుకి ఆ సీటు. మీరు చూసి నవ్వారు. ‘ఇది గుంటూరు, నరసరావుపేట కాదమ్మా, అమెరికా. గంపగుత్తగా పెట్టు’ అన్నారు. ఈ రాష్ట్రం వేరు అని నేను చెప్పాను. కాగితం తెచ్చి చూపించాను.”

“చూపించావు. కాదన్నానా? ఆ రూలు పెట్టిన దగ్గర్నించీ నాలుగు ఎన్నికలు అయ్యాయి, ఒక్కసారైనా చీలిందా? లేని దానికి రెండు వారాలు టెస్టింగ్ ఎందుకన్నాను. ఎవడైనా అదే అంటాడు.”

“అంతటితో ఆగారా? ‘ఈ రాష్ట్రం నించి రెండో పార్టీకి ఓటు వస్తే అది తప్పు డేటా, తీసి పారెయ్’ అని ఇంకో లైను పెట్టించారు. శనివారం వాళ్ళు చేత్తో సరిచేసుకుంటే, పావుగంటకోసారి మన ప్రోగ్రాం వచ్చి చెరిపేసింది. పదకొండుసార్లు. పాపం ఎవరో కూర్చుని పదకొండుసార్లు దిద్దుకున్నారు.”

“గీతా, నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పట్టుకోకండి. జనం చూస్తున్నారు.”

“నాకు తెలీదనుకున్నావా తప్పు ఎవరిదో? తప్పు ఎవరిదని కాదు ఇప్పుడు. ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ ఎవరిదని. నువ్వు డిపెండెంట్ పాస్ మీద ఉన్నావు. నీ ఉద్యోగం పోతే ఏమవుతుంది? ఇంట్లో ఉంటావు. నాది పోతే ముప్ఫై రోజులు. ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి. నా పాస్‌తో నీది పోతుంది, పిల్లది, ప్రసన్నదీ పోతుంది.”

“తెలుసు.”

“తెలిస్తే మరి? దానికి వినపడ్డానికని చెవి వెనక మెషీను పెట్టి పదమూడు నెలలు. మొన్న గురువారం ఏమంది?”

“‘నీళ్ళు’ అంది.”

“ఆరేళ్ళకి మొదటి మాట. ఇప్పుడు మధ్యలో ఆపితే ఏమవుతుందని చెప్పింది మాటలు నేర్పే టీచరు?”

“వద్దండీ.”

“చెప్పు.”

“విన్నదంతా మళ్ళీ చప్పుడైపోతుందని చెప్పింది. మాట మాటగా వినపడదని.”

“హైదరాబాదులో దొరకదా అంటావు. దొరుకుతుంది. వెళ్ళి, వెతికి, వరుసలో నిలబడి, ఆ మెషీను సరిచేసేవాడు దొరికేసరికి ఆరు నెలలు. ఇక్కడ ఇంకో ఉద్యోగం అంటావు. సెప్టెంబరు నించీ ఊరంతా తీసేయడమే తప్ప తీసుకునేవాడు ఎక్కడున్నాడు? నేను నలభై చోట్ల పంపాను గీతా. ఒక్కడూ పలకలేదు.”

“నలభై చోట్లా? నాకు చెప్పలేదే.”

“నీకు భయం దేనికని.”

“నా భయం కూడా మీరే పడుతున్నారన్నమాట.”

“ఎగతాళి చెయ్యకు. నీ మీద నాకున్న నమ్మకం అది. పెళ్ళైన దగ్గర్నించీ ఒక్కసారి కాదన్నావా నువ్వు? హైదరాబాదులో ఉద్యోగం మానేసి రమ్మంటే వచ్చావు. ఆఫీసు ఈ మూల ఉంటే ఇల్లు ఊరికి ఆ చివర యీషున్‌లో తీసుకుందామంటే సరేనన్నావు. నా టీమ్‌లో చేరమంటే చేరావు. ఆ ధైర్యంతోనే కదా...”

“ఆ ధైర్యంతో ఏం చేశారు?”

“ఏం చేస్తాను? అడుగుతున్నాను.”

“‘ఆ ధైర్యంతోనే’ అని ఆగారు.”

“ఆ ధైర్యంతోనే అడుగుతున్నాను అంటున్నాను. టీ చల్లారిపోతోంది, తాగు.”

“అన్నా, ఈడ కూసున్నరా. నమస్తే వదినా.”

“ఏంటి గంగాధర్, పని వదిలేసి కిందికొచ్చావు? లిమ్ వచ్చాడా?”

“ఎప్పుడో వచ్చిండన్నా. తలుపేసుకొని హెచ్ఆర్ మేడంతోని మాట్లాడుతుండు. పైన కూసోబుద్ధి కాలే, కాఫీకని దిగిన. వదినా, ఏమనుకోకుండ్రి, ఒక మాట చెప్తా. మస్తు బాధైంది నాకు. తప్పులు ఎవరు చెయ్యరు? గని మీరు గట్ల ఒప్పుకున్నరు చూడు, నేనైతే జన్మల ఒప్పుకోకపోదును.”

“ఏం ఒప్పుకున్నాను గంగాధర్?”

“గంగాధర్, నువ్వు కాఫీ తీసుకో, నేనొస్తా.”

“ఉండండి, మాట్లాడనివ్వండి. ఏం ఒప్పుకున్నాను?”

“గదే వదినా, పొద్దుగాల అన్న పంపిన మెయిల్. లిమ్‌కు పంపి టీమ్ అందరికి కాపీ పెట్టిండు గద. ‘గీతాంజలి తన తప్పు ఒప్పుకున్నది’ అని. నేనేమన్న అనరాని మాటన్ననా అన్నా?”

“లేదు లేదు. నువ్వు పద.”

“పోతున్న. ఏమన్న తెలిస్తె ఫోన్ కొడ్త.”

“టీమ్ అందరికీనా?”

“గీతా...”

“నాకు తప్ప అందరికీ. ఎన్నింటికి?”

“ఏడున్నరకి.”

“ఏడున్నరకి నేను ప్రసన్నకి జడ వేస్తున్నాను. మెషీనుకి వెంట్రుక తగలకుండా వెయ్యాలి కదా, అరగంట పడుతుంది. మీరు హాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ఏంటండీ అంటే వార్తలు అన్నారు.”

“లిమ్ ఎనిమిదింటికి పైవాళ్ళతో మాట్లాడతాడని తెలిసింది. ఈలోపు వెళ్ళకపోతే నా పేరే వెళ్ళేది. నిన్ను లోపలికొచ్చి అడిగేంత టైం లేదు.”

“లోపలి గదికీ హాలుకీ ఎంత దూరం?”

“అడిగితే కాదనేదానివా?”

“ఏమో. అడగలేదుగా.”

“కాదనవు. నాకు తెలుసు.”

“అదే కదండీ ఆ లైనులో మీరు రాయించింది. వేరే జవాబు వస్తే తప్పు కింద తీసి పారెయ్యమని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని, లెక్క మొదలు కాకముందే ఫలితం రాసి పెట్టేశారు. నలభై నాలుగేళ్ళు ఒకే గుర్తుకి వేసినవాళ్ళనైనా ప్రతిసారీ పెట్టె తెరిచి లెక్కపెడతారు. మీరు నా పెట్టె తెరవను కూడా లేదు.”

“తిట్టు. పడతాను. ఇంటికెళ్ళాక ఎంత కావాలంటే అంత తిట్టు. ఇప్పుడు మాత్రం లిమ్ ముందు...”

“ఒప్పుకుందని రాసి ఊరుకున్నారా? ఇంకేం రాశారు?”

“ఏముంది, అదే.”

“ఏమండీ.”

“నేను వద్దన్నా వినకుండా సొంతంగా మార్చింది అని.”

“నేను. మీరు వద్దన్నా.”

“లేకపోతే లీడ్‌గా నువ్వేం చేస్తున్నావని నన్నే అడుగుతారు. ఆ ఒక్క ముక్క లేకపోతే మెయిల్ రాసీ దండగే.”

“ఇంకెవరికి చెప్పారు?”

“ఎవరికీ చెప్పలేదు.”

“చూడండి, మీరు కప్పు తిప్పుతున్నారంటే ఏదో ఉన్నట్టు. పన్నెండేళ్ళు చూశాను.”

“ఈ తప్పు మీద విచారించే ఆడిట్ వాళ్ళకి. నేను ఫోన్ చెయ్యలేదు, వాళ్ళే చేశారు. నువ్వు ప్రసన్నని బడిలో దింపి వెనక రైలుకి వచ్చావు కదా, నేను ముందు రైల్లో ఉండగా ఫోన్ వచ్చింది. తొమ్మిదింటికి.”

“ఆడిట్ ఇంత పొద్దున్నా? ఒమాహాలో ఇంకా ఆదివారమే కదా.”

“ఇంత గొడవైతే ఇక ఆదివారమేంటి, సోమవారమేంటి? మెయిల్‌లో ఒకటి, నోటితో ఒకటి ఉంటే అతకదు. అందుకని అదే చెప్పాను.”

“అదే అంటే?”

“చెప్పాను కదా, అదే.”

“నా గురించి చెప్పిన మాటలు నేను వినకూడదా?”

“చెప్పిన మాట వినదు, అడక్కుండా మార్చేస్తుంది, పెద్ద పని నమ్మి చేతిలో పెట్టలేం అన్నాను. నా నోటితో ఆ మాట అంటుంటే నాకెలా ఉంటుందో ఆలోచించు. పక్కనెవరో చైనా ముసలావిడ నన్నే చూస్తోంది. నా మొహం అలా ఉంది.”

“పాపం.”

“నిజంగా అంటున్నాను గీతా.”

“నేనూ నిజంగానే అంటున్నాను. నాలుగు చోట్ల నేను మీతో ఉన్నానండీ. ఉద్యోగం మానడంలో, ఇంటి విషయంలో, ఈ టీమ్ విషయంలో, ప్రసన్న కోసం ఈ దేశంలో పాతుకుపోవడంలో. ఒక్క చోటైనా నన్ను నన్నుగా ఉంచి ఉండాల్సింది. పనిలో. అది ఒక్కటే నాదని చెప్పుకోడానికి ఉంది.”

“ఫోన్ వస్తోంది. గంగాధర్.”

“ఎత్తండి.”

“ఆ, చెప్పు. ఇక్కడే ఉన్నాం. ఎవరు? హెచ్ఆర్ ఆవిడా? ఏ కాగితం? లిస్టా? ఎంతమంది? పదకొండా? మన టీమే పదకొండు కదా. ఆగాగు. నా మెయిల్ చూశాడా లేదా? చూసి ఏమన్నాడు? ఏమీ అనలేదా? ‘ఎవరిదైతేనేం’ అన్నాడా. కాంట్రాక్టు రద్దు చేశారా, ఎప్పుడు? రాత్రేనా. నేను కూడానా? సరిగ్గా చూశావా, హరికృష్ణ అనే ఉందా? సరే. లేదు, నువ్వేం చేస్తావు. ఉంటాను.”

“చెప్పండి.”

“టీమ్ మొత్తం ఎత్తేస్తున్నారు. ఒమాహా వాళ్ళు రాత్రే రద్దు చేసుకున్నారట. లిస్టు పొద్దున్నే టైపయిందట. మెయిల్ ఎవరూ పట్టించుకోలేదు.”

“అంటే మీరు నా పేరు రాసినా రాయకపోయినా...”

“ఒకటే. గీతా, ముప్ఫై రోజులు. డిసెంబరు పది. ఏం చెయ్యను? దానికి ఏం చెప్పను? చెప్తే వినపడదు కూడా దానికి. ఏం చేశాను నేను?”

“ముందు కళ్ళు తుడుచుకోండి. టిష్యూ తీసుకోండి.”

“అది ఈ బల్ల మనదని, ఇంకెవరూ కూర్చోకుండా గుర్తుకి పెట్టింది.”

“కూర్చున్నాం కదా, ఇంకెందుకు? తుడుచుకోండి. నేనొకటి చెప్పాలి. చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి.”

“ఊఁ.”

“మీరు మెయిల్‌లో రాసింది పూర్తిగా అబద్ధం కాదు. అడక్కుండా నేనూ ఒక పని చేశాను. పన్నెండేళ్ళలో అదొక్కటే.”

“ఏం చేశావు?”

“ఊళ్ళో వన్-నార్త్ వైపు ఒక పరిశోధన సంస్థ ఉంది. జబ్బుల మీద పనిచేస్తారు, వాళ్ళ లెక్కలు చూసే ప్రోగ్రాములకి మనిషి కావాలన్నారు. సెప్టెంబరులో అప్లై చేశాను. మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి.”

“ఎప్పుడు? నేను రోజూ నీతోనే కదా ఉన్నాను.”

“పంటి డాక్టరు అని చెప్పి వెళ్ళాను.”

“మూడుసార్లు పన్ను నొప్పి అన్నావు. నేను లవంగం తెచ్చిచ్చాను.”

“తెచ్చారు. నమిలాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“రాకపోతే నవ్వుతారని. వస్తే ఒద్దంటారని. మీరు ఒద్దంటే నేను మానేస్తానని నాకే భయం.”

“వచ్చిందా?”

“మధ్యలో మాట్లాడొద్దన్నాను. వాళ్ళు ఇచ్చేది సొంత పాస్. డిపెండెంట్ కాదు, నా పేరు మీదే. దాని మీద మీ ఇద్దర్నీ పెట్టొచ్చట. అడిగి కనుక్కున్నాను.”

“నన్నా? నీ డిపెండెంట్‌గానా?”

“నేను మూడేళ్ళు ఉన్నాను. బతికే ఉన్నాను కదా.”

“ఉంటాను. అయ్యో, ఉంటాను గీతా. దానికేం. వంట చేస్తాను, ప్రసన్నని టీచరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. జడ వెయ్యడం నేర్పు, అదీ వేస్తాను. నువ్వు... నీ నోట్లో నాలుక లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.”

“అవన్నీ తర్వాత చూసుకుందాం. కొట్టేది కూడా.”

“ఖాయమేనా? ఇంతటి గడ్డురోజుల్లో ఇస్తామన్నారా?”

“వాళ్ళ పెద్దాయన శుక్రవారం చెప్పాడు, నువ్వే కావాలని. నా పాత పని చూపించమన్నాడు. మీరు కొట్టేయించిన నెబ్రాస్కా లెక్కే చూపించాను, ఏ సీటుకి ఆ సీటు రాసింది. బాగుందన్నాడు. ఫారాలన్నీ నింపి ఇచ్చేశాను. ఒక్కటే మిగిలింది. ఇప్పుడు పనిచేస్తున్న చోట ఒకరితో మాట్లాడతారు. మంచిగా చెప్తే ఆ రోజే లెటర్ ఇచ్చేస్తామన్నారు.”

“లిమ్‌తోనా? గీతా, ఆ మెయిల్ చూసి లిమ్ ఏం చెప్తాడో. నేను ఇప్పుడే పైకి వెళ్ళి, అంతా నాదే తప్పని...”

“కూర్చోండి. లిమ్ కాదు. ‘నేరుగా ఎవరి కింద పనిచేస్తున్నారు’ అని ఉంది ఫారంలో. మీ పేరు రాశాను. పాస్‌పోర్టులో నాది ఇంకా పుట్టింటి ఇంటిపేరే కదా, మొగుడని వాళ్ళకి తట్టదు. శనివారం పొద్దున్న టిఫిన్ల దగ్గర మీకు చెబుదామనుకున్నాను. ఈలోపు ఒమాహా మెయిల్ వచ్చి ఇల్లంతా అతలాకుతలమైంది. నిన్న చెప్పబోతే మీరు అన్నమే తినలేదు.”

“నా పేరే ఇచ్చావా? నా నంబరే? ఇంకేం గీతా, మనం గట్టెక్కాం. ఆకాశానికి ఎత్తేస్తాను నిన్ను. నీ అంత బాగా రాసేవాళ్ళు ఈ ఊళ్ళో లేరంటాను. అబద్ధం కూడా కాదు. ఎప్పుడు చేస్తారు?”

“ఈ వారంలో అన్నారు. ఇవాళ్టి నించి ఎప్పుడైనా.”

“ఫోన్ చేతిలోంచి కింద పెట్టను. ఎవరు చేస్తారు? పేరు చెప్పు, తడబడకుండా మాట్లాడాలి.”

“రాజకుమారి అని, వాళ్ళ హెచ్ఆర్ ఆవిడ. తమిళావిడే కానీ తెలుగు కొంచెం వచ్చు. గట్టిగా మాట్లాడండి, రైల్లో గీల్లో ఎత్తకండి. ఏమండీ? ఫోన్‌లో ఏం చూస్తున్నారు? ఎవరి నంబరది? మాట్లాడరేం?”

“రాజకుమారి అనే చెప్పింది పొద్దున. ఆడిట్ అని ఆవిడ అనలేదు గీతా. నేనే అనుకున్నాను.”